మంచులో చదివిన అంకెలు

పెళ్లయ్యాక వచ్చిన మొదటి చలికాలమంతా నేను జీపులోనే గడిపానేమో అనిపిస్తుంది.

నారాయణఖేడ్‌లో మా ఆయనకు మెకానిక్ షెడ్డు ఉంది. అందరి బండ్లూ బాగుచేసి పంపాక తన పాత పెట్రోల్ జీపు దగ్గర కూర్చునేవాడు. దానికి గాలిని ఎక్కువగా లోపలికి నెట్టే టర్బో బిగించి, ఇంజన్‌కు పెట్రోలు ఎంత అందాలో చూసుకునే కొత్త కంప్యూటర్ పెట్టి, ట్యూనింగ్ తనే చేసుకుంటున్నాడు. పొగగొట్టంలో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ ఉండేది. లోపలికి పోయే గాలికి తగ్గ పెట్రోలు అందుతున్నదో లేదో అది పొగను బట్టి చెబుతుంది. ఆ అంకె నా ఒడిలోని ల్యాప్‌టాప్‌లో కనిపించేది. అంకె పెరిగితే పెట్రోలు చాలడం లేదని, తగ్గితే ఎక్కువైందని ఆయనే నాకు నేర్పాడు.

చిక్కేమిటంటే, మధ్యాహ్నం షెడ్డు ముందు సరిగ్గా ఉన్న అంకె, సాయంత్రం కల్హేర్ దారి పట్టాక పైకి పోయేది. ఆయన పెట్రోలు పెంచేవాడు. మర్నాడు మధ్యాహ్నం చూస్తే నల్లటి పొగ. సెన్సర్ మార్చాడు. పొగగొట్టం అతుకుల మీద సబ్బునీళ్లు పోసి, బుడగలు లేచిన చోట వెల్డింగ్ చేశాడు. అయినా అంతే.

"పొద్దుగూకంగ మల్ల ఏడికి?" అని అత్త గడపలోంచి అడిగేది.

"అంకెలు సూడనీకి," అనేదాన్ని నేను.

"ఏం అంకెలో ఏమో. జల్దీ రండి, రొట్టెలు సల్లగైతయి."

ఆయన మాటకారి కాదు. ఇంట్లో మేం మాట్లాడుకునేది తక్కువే. జీపులో మాత్రం "ఎంతుంది?" అనేవాడు, నేను అంకె చెప్పేదాన్ని. మళ్లీ కాసేపటికి "ఎంతుంది?" ఇంజన్ మోత, కందిచేల పచ్చివాసన, ఒడిలో ల్యాప్‌టాప్ వెచ్చదనం. మెలకువగానే ఉన్నా, ఎవరో చెబుతున్న కలలో ఉన్నట్టుండేది.

ఒక పొద్దున మనూర్ వైపు బయలుదేరాం. దారంతా మంచు. తుమ్మచెట్లు ఒక్కొక్కటే తేలివచ్చి, మళ్లీ ఆ తెల్లదనంలోకే పోతున్నాయి. మంచు చిక్కబడినప్పుడు ఆయన లైట్లు వేశాడు. అంకె పెరిగింది. పలచబడ్డాక ఆర్పేశాడు. దిగింది. నిద్రమత్తులో అలా అనిపించిందేమో అనుకుని ఊరుకున్నాను. మళ్లీ వేశాడు. మళ్లీ పెరిగింది.

"ఏంది, సదువుతలేవు?"

"బండి పక్కకు ఆపి లైట్లు బంజెయ్యి ఒకసారి."

ఆపాడు. ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను. లైట్లు ఆర్పి, వేసి, మళ్లీ ఆర్పి చూశాడు. ప్రతిసారీ అంకె కదిలింది.

"ఇంజన్ సప్పుడైతే మారుతలేదు," అన్నాడు మెల్లగా. "అంకె ఒక్కటే మారుతుంది."

"అంటే ఇంజన్ మంచిగనే ఉందా?"

"మంచిగనే ఉన్నది. గీ అంకెనే తప్పు చెప్తుంది."

బానెట్ ఎత్తాడు. సెన్సర్ ఎర్త్ వైరూ హెడ్‌లైట్ల ఎర్త్ వైరూ ఒకే బోల్టు కింద ఉన్నాయి, ఆ బోల్టుకు తుప్పు. లైట్ల కరెంటు తుప్పులోంచి సరిగ్గా పోలేక సెన్సర్ పంపే ఓల్టేజీని పెంచి చూపిస్తోందట. లైట్లు వెయ్యని మధ్యాహ్నాలు అంకె ఎందుకు కుదురుగా ఉండేదో అప్పుడు తెలిసింది. సెన్సర్ వైరు విప్పి, కంప్యూటర్ ఎర్త్ ఉన్న చోటే ఇంజన్‌కు బిగించాడు. పాత బోల్టును ఉప్పుకాగితంతో రుద్దాడు. నేను ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డాను. వేళ్ల మీద మంచు చెమ్మ చేరుతోంది.

లైట్లు వేశాడు. అంకె కదల్లేదు.

ఆయన ఆర్పి, మళ్లీ వేసి చూశాడు. చేతులు తుడుచుకుంటూ, "నేను తిప్పలు పడుకుంట సెన్సర్‌నే తిట్టిన," అన్నాడు. తర్వాత, "నువ్వు నడుపుతవా?" అన్నాడు.

సిర్గాపూర్‌లో మా నాయన ట్రాక్టర్ నడిపినదాన్నే. పెళ్లయ్యాక ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈయనకు ఎలా తెలిసిందో.

స్టీరింగ్ ముందు కూర్చున్నాను. ల్యాప్‌టాప్ ఆయన ఒడిలోకి పోయింది. రెండుమూడు అంకెలు చదివాడు, ఆ తర్వాత గొంతు ఆగిపోయింది. చూస్తే, తల వాల్చి నిద్రపోతున్నాడు. లేపలేదు. మంచు వెనుక ఎండ పాలిపోయి వస్తోంది. కందిపూలు పసుపుగా కనబడి మాయమవుతున్నాయి.

మనూర్ వచ్చింది. ఆపబుద్ధి కాలేదు. ఊరు దాటించి, మంచు ఇంకా విడవని దారిలోకి పోనిచ్చాను.