ఎలుకలు పోయిన దారి

ముందే చెబుతున్నాను, మధ్యలో ఎవరైనా కిసుక్కుమంటే లేచి కిందికి పోతాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. కానీ ముసలిది కల్పించి చెబుతోందని మాత్రం అనొద్దు. ఈ పొద్దు తిన్న జొన్నరొట్టె మీద ఒట్టు... ఇది నా కళ్లతో చూశాను, నా కాళ్లతో నడిచాను.

కరెంటు ఇప్పట్లో వచ్చేలా లేదు. మిద్దె మీద గాలి బాగానే ఉంది. కాస్త దగ్గరికి జరగండి, గొంతు పెంచి చెప్పే సంగతి కాదు.

పోలీస్ యాక్షన్‌కు ముందటి ఎండాకాలం అది. నాకు పదిహేడేళ్లుంటాయి. ఇబ్రహీంపట్నంలో చెరువు వైపు ఆఖరి ఇల్లు మాది. మట్టి గోడలు, పైన గూనపెంకు. ఇంట్లో నేను, మా అత్త... ఇద్దరమే. మా ఆయన హోళీ అయిన వారానికే దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లతో కలిసి వెళ్లిపోయాడు. ఎక్కడికో చెప్పలేదు. చెబితే, తుపాకుల వాళ్లు వచ్చి అడిగినప్పుడు మేం దాచలేమని ఆయన భయం.

వెళ్లే ముందు రాత్రి లోపలి అర్రలో గుంత తవ్వాడు. విత్తనపు జొన్నలు పోసిన పెద్ద కాగును అందులోకి దించి, మీద బండ పరిచి, నాతో పేడ పెట్టి అలికించాడు. సర్కారు వాళ్లు లెవీ పేరుతో ఇంటింటికీ వచ్చి గింజలు పట్టుకుపోతున్న రోజులు అవి. విత్తనాలని చెప్పినా వినేవాళ్లు కాదు.

"మిరుగం నాటికి వస్త. నేనే ఇత్తుత. గప్పటిదాక దీన్ని ముట్టొద్దు" అన్నాడు.

మిరుగం అంటే మృగశిర కార్తె, విత్తనాలు వేసే రోజులు. నేను తల ఊపాను. కొత్త కోడలిని, ఇంకేం అనగలను? ఆ తర్వాత కబురు లేదు. ఒక నెల... రెండో నెల... "ఉన్నాడో లేడో" అనే మాట అత్త నోటి నుంచి రాలేదు, నా నోటి నుంచీ రాలేదు. రోజూ పొద్దున లేవగానే ఇద్దరం ఆ అర్రలోకి తొంగి చూసేవాళ్లం. బండ కదలకుండా ఉంటే ఆయన కూడా ఎక్కడో క్షేమంగా ఉన్నట్టే అనిపించేది. పిచ్చి... కానీ ఆ పిచ్చితోనే బతికాం.

అప్పుడు వచ్చాయి ఎలుకలు.

పొలాలు ఎండిపోతే ఎలుకలు ఊళ్లోకి రావడం మామూలే. కానీ ఆ ఏడు అందరి గుమ్ములూ ఖాళీ. గింజ ఉన్నది మా ఇంట్లోనే. మనిషి కంటికి కనపడకుండా దాచాం సరే, వాటి ముక్కుకు ఏం అడ్డం పెడతాం? మొదట రెండు. వారం తిరిగేసరికి పైకప్పు నిండా అవే. దీపం ఆర్పితే చాలు... కిచకిచ. వాసం మీద పరుగు. చేటలో గరగర. నా జడ చివర కొరికాయి. అత్త మడమల మీద పగిలిన తోలు కొరికాయి. ఊదుతూ కొరుకుతాయి కదా, తెల్లారి నెత్తురు చూసుకున్నాకే తెలిసింది ఆమెకు.

నేను ఊరుకునే రకం కాదు. సీసాలు దంచి, ఆ పెంకులు మట్టిలో కలిపి బొక్కలు మూశాను. పక్కనే ఇంకో బొక్క తవ్వాయి. బోను పెట్టాను. ఒక్కటీ పడలేదు, పెట్టిన రొట్టెముక్క మాత్రం మాయం. ఎక్కడి నుంచో పిల్లిని పట్టుకొచ్చాను. అది మూడో రోజుకు గోడ దూకి పోయింది. ఇక మిగిలింది పొగకుండ. పొలంలో చేసినట్టు, కుండలో గడ్డీ ఎండు మిరపకాయలూ వేసి బొక్కలోకి పొగ ఊదుదామంటే అత్త చెయ్యి పట్టుకుంది.

"అర్రల పొగ లేస్తే అందరు వస్తరు పిల్లా. ఈడ ఏం దాసిన్రని అడుగుతరు" అంది.

నిజమే. ఆ సాయంత్రం బండ అంచున వేలు పెట్టి చూశాను. అలుకు కింద మట్టి గుల్లగా ఉంది. నా వేలు రెండు కణుపుల దాకా దిగిపోయింది. ఇంకో నాలుగు రోజులు ఆగితే కాగు మూతి దాకా వస్తాయి. మిరుగం ఇంకా పది పన్నెండు రోజులుంది. ఆయన వచ్చి బండ ఎత్తితే కింద పొట్టు ఉంటుందా?

మా అత్త పుట్టింటి వైపు ఒక పద్ధతి ఉంది. ఎలుకలు మితిమీరితే గడప మీద నీళ్లు చల్లి, గుప్పెడు నూకలు పోసి, వాటితో మర్యాదగా మాట్లాడాలి. ఇన్నాళ్లు తిన్నారు, ఇక ఫలానా వాళ్లింటికి పోండి అని ఇల్లు చెప్పాలి. ఇల్లు తప్పకుండా చెప్పాలి. చెప్పకపోతే దారి తెలియక మళ్లీ మనింటికే వస్తాయట.

"మరి చెప్పరాదు అత్తా! ఇన్నొద్దులు ఏం జూస్తున్నవ్?" అని కసిరాను.

"ఎవలిల్లు జెప్పాలె? పక్కింట్ల పసిపిల్లకు గంజి లేదు. ఎదురింటోళ్లు చింతగింజలు ఉడకబెట్టుకుంటున్నరు."

"దొర గడికి పొమ్మను. ఆడ గింజలకు కమ్మి లేదు."

"గడిల గింజలు పోతే దొర ఊకుంటడా? జీతగాళ్ల వీపులు పల్గగొడ్తడు. నా నోటితోని చెప్ప."

ముసలిదానికి అంత ధర్మం ఎందుకో అని మండిపోయింది నాకు. గుడ్డ కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఎండాకాలమైనా బయట పడుకునే ధైర్యం లేదు అప్పట్లో ఎవరికీ. తలుపులు మూసుకుని లోపలే ఉడికిపోయేవాళ్లం.

ఎంత రాత్రయిందో తెలియదు. అర్రలో తవ్వుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. కరకర... కరకర... ఆగడం. మళ్లీ కరకర. పెంకుల సందుల్లోంచి వెన్నెల పడి నేలంతా చుక్కలు చుక్కలుగా ఉంది. లేచి వెళ్లాను. నిద్ర, ఆకలి, కోపం... అన్నీ ఒక్కసారే. రెండు నెలల కోపం అది. ఎలుకల మీద ఒక్కటే కాదు. పెళ్లయిన ఏడాదికే నన్నూ ఆ ముసలామెనూ ఒక బండకు కాపలా పెట్టి వెళ్లిన మనిషి మీద కూడా.

నూకలు లేవు. నీళ్లు కూడా చల్లలేదు. గడపలో నిలబడి పళ్లు కొరుకుతూ అన్నాను.

"మాకేం పెట్టకుంట పోయిండు గదా! ఆయన యాడున్నడో గాడికే పోండ్రి! పోయి ఆయన్నే తినుండ్రి!"

చప్పుడు ఆగింది.

ఆగడమంటే... మీకు ఎలా చెప్పాలి. వాసాల మీద, చేటలో, గోడలో, అంతటా ఒక్కసారే ఆగిపోయింది. నా ఊపిరి నాకే వినిపించింది. అత్త గురక కూడా లేదు.

తర్వాత ఒక మెత్తని చప్పుడు మొదలైంది. జల్లెడలోంచి పిండి రాలుతున్నట్టు... సరసర... సరసర... బండ పక్కనున్న బొక్కలోంచి ఒక ఎలుక వచ్చింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి. తొందర లేదు, భయం లేదు. ఒకదాని వెనక ఒకటి వరుసగా. వెన్నెల చుక్క మీదికి వచ్చినప్పుడు తెల్లగా, దాటగానే నల్లగా కనిపించాయి. నా పాదం అడ్డముంది. పాదం మీదుగానే వెళ్లాయి. వెచ్చగా ఉన్నాయి. చిన్న చిన్న గోళ్లు... చక్కిలిగింత పెట్టినట్టు. అరవాలి కదా? అరవలేదు. ఆ వెచ్చదనం ఆగిపోతుందేమోనని కదలకుండా నిలబడ్డాను. అలా ఎందుకు అనిపించిందో ఇప్పటికీ తెలియదు.

తలుపు కింది సందులోంచి బయటికి పోతున్నాయి. నేను గొళ్లెం తీశాను.

బయట వెన్నెల అంత ఉంటుందని అనుకోలేదు. వాకిలి, గోడ, ఎండిన కట్టెలమోపు, అన్నీ పాలలో నానబెట్టినట్టున్నాయి. మా వీధి కుక్కలు చీమ చిటుక్కుమన్నా మొరిగేవి. ఆ రాత్రి దారి పక్కనే పడుకుని కళ్లు తెరిచి చూస్తున్నాయి... ఒక్కటీ మొరగలేదు. నేను ఒంటరి ఆడదాన్ని, తుపాకుల వాళ్లు తిరిగే రోజులు, నెత్తిన కొంగు లేదు, కాళ్లకు చెప్పులు లేవు. అవేవీ గుర్తు రాలేదు. ఎలుకల వరుస ముందు పోతోంది, నేను వెనక పోతున్నాను. నా కాళ్లు నేల మీద పడుతున్నట్టే లేదు.

చెరువు కట్ట ఎక్కాం. "ఎక్కాం" అంటున్నాను చూడండి... అప్పుడు అలాగే అనిపించింది, అందరం కలిసి పోతున్నట్టు. కట్ట దిగితే చెరువు గర్భం. ఎండకు నీళ్లు ఎక్కడో నడిమికి వెళ్లిపోయాయి. ఇవతలంతా నెర్రెలు వారిన ఒండ్రు. నెర్రెల మీదుగా దూకుతూ పోయాయి. చాలా దూరం. ఊరు వెనక చిన్నగా అయిపోయింది.

అక్కడ ఆగాయి.

ఒక మనిషి పడుకున్నంత పొడవు... మట్టి కాస్త ఎత్తుగా ఉంది. చుట్టూ అంతా పగిలిన ఒండ్రు, అక్కడ మాత్రం తవ్వి పోసిన మట్టి. దాని మీద తుమ్మ కంప పరిచి ఉంది.

తుమ్మ కంప ఎందుకు పరుస్తారో మీకు చెప్పాల్సిన పని లేదు. నక్కలూ కుక్కలూ తవ్వకుండా.

ఎలుకలు ఒక్కొక్కటే ఆ కంప కిందికి పోయాయి. అక్కడ బొక్క లేదు. వంగి చూశాను, లేదు. అయినా పోయాయి... ఒక్కొక్కటే... మట్టి నీళ్లను తాగినట్టు తాగేసింది. చివరిది కూడా పోయింది. సరసర ఆగింది. గాలి లేదు. చెరువులో ఎక్కడో ఒక చేప ఎగిరి పడ్డ చప్పుడు.

నేను నిలబడ్డాను.

నేను అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఎక్కడున్నాడో అక్కడికే పొమ్మన్నాను కదా.

మోకాళ్ల మీద కూలబడ్డాను. పిలుద్దామనుకున్నాను. ఆ రోజుల్లో మొగుడి పేరు పెళ్లాం నోటితో పలికేది కాదు. ఏడాది కాపురంలో ఒక్కసారీ పలకలేదు. నోరు తెరిచాను... మొదటి అక్షరం నాలుక మీదికి వచ్చింది... అక్కడే ఆగిపోయింది. పిలిస్తే పలకడేమోనని కాదు. కింద నుంచి పలుకుతాడేమోనని. కంప లాగి మట్టి తవ్వి చూడొచ్చు. చేతులున్నాయి, వెన్నెలుంది. చెయ్యి చాచాను కూడా. ముల్లు గుచ్చుకుంది. వెనక్కి తీసుకున్నాను.

ఎలా తిరిగి వచ్చానో తెలియదు. కళ్లు తెరిచేసరికి చాప మీద ఉన్నాను, తెల్లారింది. కలేనని ఎంత సంతోషపడ్డానో! ఇంట్లో చిన్న చప్పుడు లేదు. అత్త గడపలో కూర్చుని ఉంది. నన్ను కాదు, నా కాళ్లను చూస్తోంది. మోకాళ్ల దాకా ఒండ్రు దుమ్ము పట్టి తెల్లగా ఉంది.

"రాత్రి నువ్వన్న మాట ఇన్న" అంది.

కాళ్లు చీర కిందికి లాక్కున్నాను.

"యాడికి పోయినై బిడ్డా?"

"కట్ట దాటినంక యాచారం దిక్కు పోయినై అత్తా. గుట్టల్లకు. శాన దూరం పోయినై... నేను ఎన్కకు మర్లిన."

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత లేచి, కడవతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. "గుట్టలల్ల ఉంటే మంచిగనే ఉంటడు తియ్యి. కాళ్లు కడుక్కో, ఎవలన్న జూస్తరు" అంది.

మిరుగం వచ్చింది. ఆయన రాలేదు. అత్త తనే బండ ఎత్తించింది. కాగులో గింజ తగ్గలేదు. ఇద్దరం వెళ్లి విత్తాం. ఆ వానలకు చెరువు నిండింది, ఆ చోటు నీళ్లలోకి పోయింది. పోలీస్ యాక్షన్ అయ్యాక అజ్ఞాతంలో ఉన్నవాళ్లు కొందరు తిరిగొచ్చారు. కృష్ణ అవతల ఒక క్యాంపులో ఆయన్ను చూశానని ఒకడు ప్రమాణం చేశాడు. అది వేరే మనిషని ఇంకొకడు అన్నాడు. చాలా ఏళ్ల తర్వాత కరువొచ్చి చెరువు మళ్లీ అడుగంటినప్పుడు, పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా వెళ్లి చూశాను. అంతా ఒకటే ఒండ్రు. ఎక్కడా ఎత్తు లేదు. ఎవరో దూడను పాతిపెట్టిన చోటేమో అది. లేక నేను నిద్రలో నడిచి, ఉత్త నేలను చూసి వచ్చానేమో. మరి ఎలుకలు? ఆ రాత్రి తర్వాత మా ఇంట్లో ఒక్క ఎలుక లేదు... దానికి ఏం చెబుతారు? అత్త బతికినన్నాళ్లూ యాచారం వైపు నుంచి ఎవరొచ్చినా గుట్టల సంగతి అడిగేది. నేను వంట దగ్గరకు లేచిపోయేదాన్ని.

ఇప్పటికీ జనాభా లెక్కల వాళ్లో, పింఛను వాళ్లో వస్తారు. కాగితం పట్టుకుని అడుగుతారు, "అవ్వా, నీ పెనిమిటి ఉన్నడా, పోయిండా?"

నేను పోయాడని అనలేను. ఉన్నాడనీ అనలేను.

"ఊరికి పోయిండు, రాస్కో" అంటాను.

ఆ పిల్లవాడు నా మొహం చూసి, ఏదో రాసుకుని వెళ్లిపోతాడు. ఏం రాశావని నేను ఒక్కరిని కూడా అడగలేదు.