తొట్టి దగ్గర కుక్క

దెయ్యాల్ని నేను నమ్మను. నూజివీడులో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పుకుని బతుకుతున్నాను. వెన్నెముక ఉన్నవీ లేనివీ చెబుతాను. అసలు ఒళ్ళే లేనివి సిలబస్‌లో లేవు.

చాట్రాయి వైపు మాకు మామిడితోట ఉంది. అమ్మా నాన్నా అక్కడే ఉంటారు. నాన్నకి డెబ్బై దాటాయి. ఆయన కోపం గురించి పక్క తోటల వాళ్ళకి చెప్పక్కర్లేదు, గాలివాటాన వినబడేది. అమ్మ ఆ చేతి దెబ్బలు తింటూనే, ఆయన మారాలని ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన చేసేది. దేవుడు తొందరపడలేదు.

గుండెజబ్బుతో ఆస్పత్రిలో పడి లేచాక, "నేనూ బాప్తిస్మం తీసుకుంటానే" అన్నాడు నాన్న. అమ్మ సంతోషించలేదు, భయపడింది. "ఈయన మళ్ళీ చెయ్యెత్తితే ఇక దేవుణ్ణి ఏమని అడగనురా?" అంది నాతో.

మా మెట్టలో ఎండాకాలం చెరువుల్లో బురదే. తోటలో బోరు నీళ్ళు పడే సిమెంటు తొట్టే మాకు, యేసు బాప్తిస్మం తీసుకున్న యొర్దాను నది అయింది. పురుగుమందు కూడా అందులోనే కలుపుతారు కాబట్టి అమ్మ సబ్బు పెట్టి తోమింది. పాస్టరు గారు నాన్నని ముంచి లేపి, "పాత మనిషి ఈ నీళ్ళలోనే ఉండిపోయాడండీ" అన్నారు. అందరం ఆమెన్ అన్నాం.

రాజు అనలేదు. రాజు నాన్న కుక్క. ఆయన పెడితే తప్ప ముద్ద ముట్టేది కాదు. తడిబట్టలతో నాన్న పిలిస్తే, దొంగని చూసినట్టు పళ్ళు చూపించి మొరిగింది. తర్వాత తొట్టి అంచు మీద కాళ్ళు వేసి, నీళ్ళలోకి చూస్తూ సన్నగా మూలిగింది.

తడి వాసన వల్ల అనుకున్నాను. నాన్న ఆరాడు, బట్టలు మార్చాడు, వారాలు గడిచాయి. కుక్క తొట్టి దగ్గర్నుంచి కదల్లేదు. ఇప్పుడు ముద్ద అమ్మ పెడితేనే తినేది. ఒకరోజు నీళ్ళన్నీ తీసేసి చూపించాను. ఖాళీ తొట్టిలోకి చూసి తోకాడించింది. పశువుల డాక్టరు ముసలిదైందన్నాడు. కళ్ళూ ముక్కూ బాగానే ఉన్నాయని కూడా ఆయనే అన్నాడు.

నాన్న కేకలు మానేశాడు. అయినా అమ్మ చెయ్యి అందనంత దూరంలో నిలబడే అన్నం వడ్డించేది.

కోతలొచ్చాయి. అమ్మ గంపలో కాయల్ని గడ్డి మీద కాకుండా ఉత్త నేల మీద కుమ్మరించింది. అలా చేస్తే ముచ్చికలు విరిగి, సొన కారి, కాయలకి మచ్చలు పడతాయి.

"ఏమే, కళ్ళు దొబ్బాయా?" నాన్న కాయలు కోసే చిక్కం కర్ర ఎత్తాడు. గొంతు పాతదే. అమ్మ చేతులు తల మీదికి వెళ్ళిపోయాయి. నేను అందనంత దూరంలో ఉన్నాను.

తొట్టి దగ్గర రాజు లేచింది. తోకాడిస్తూ పరుగెత్తుకొచ్చి, నాన్న చుట్టూ తిరిగి, ఎగిరెగిరి ఆయన చెయ్యి నాకింది. ఊరెళ్ళినాయన తిరిగొచ్చినట్టు.

నాన్న దాన్ని చూశాడు. అమ్మని చూశాడు. కర్ర కింద పడేశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇది ఎవర్ని చూసొచ్చిందే?" అన్నాడు.

ఆయన కాయల పక్కనే మోకాళ్ళ మీద కూలబడి ప్రార్థన మొదలుపెట్టాడు. కుక్క ఆయన చెయ్యి ఇంకోసారి వాసన చూసింది. తోక దించింది. గుర్రుమంటూ తొట్టి దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

నాన్న మళ్ళీ చెయ్యెత్తలేదు. చిరాకొచ్చినప్పుడు ముందు కుక్క వైపు చూస్తాడు. అమ్మ ఒక్కటే అడిగింది, తొట్టికి మూత వేయించమని. రేకు మూత చేయించాను. దాని మీద బరువుగా రెండు రాళ్ళు కూడా పెట్టాను.

రాళ్ళు ఎందుకని నన్నడక్కండి. నేను నమ్మనని ముందే చెప్పాను.