డూగల్ కుడి కన్ను

డూగల్ మెకాస్కిల్ ఒంటితో ట్వైజెల్లో ఉంటాడు గానీ కళ్ళతో ఎప్పుడూ కొండ మీదే ఉంటాడని మా ఊళ్ళో అందరూ అనే మాట. పొద్దున్నే టీ కప్పు పట్టుకుని వరండాలో కూర్చుంటాడా, ఆ టీ చల్లారిపోయి, అందులో ఈగ పడి చచ్చినా ఆయనకు తెలియదు. ఎదురుగా బెన్ ఒహావు కొండలు. పసుప్పచ్చటి గడ్డి మీద మబ్బు నీడలు మెల్లగా జారుతుంటాయి. వాటి వెంట ఈయనా జారుకుంటూ పోతాడు. పెళ్ళాం రేవా లోపల్నుంచి గొంతు చించుకుంటే ఎప్పటికో "ఆఁ?" అంటాడు. ఆ "ఆఁ" కూడా ఏదో లోయలోంచి వచ్చినట్టే ఉంటుంది.

బతుకంతా కంచెలు వేసిన మనిషి. గొర్రెల ఎస్టేట్ల చుట్టూ గుంజలు పాతి తీగ లాగడమే పని. మా చుట్టుపక్కల ఏ దిక్కుకి తిరిగినా కనిపించే కంచెల్లో సగం ఆయన చేతివే. ఏడాదంతా తీగకి, ఏప్రిల్ ఒక్కటి తనకి. భూగోళానికి అడుగున ఉన్న మా దేశంలో ఏప్రిల్లో చలి దిగుతుంది, మగ దుప్పులు జత కోసం రంకెలేస్తాయి, ఊళ్ళో సగంమంది తుపాకులు తుడుచుకుని కొండెక్కుతారు. డూగల్‌ది వాళ్ళందరికంటే వేరే పిచ్చి. ఆయనకు పేల్చడం కంటే చూడటం ఇష్టం. మంచు తడి ఆరని గడ్డిలో బోర్లా పడుకుని ఎదుటి కొండని చూస్తూనే ఉంటాడు. చూడగా చూడగా కొండ ఊపిరి తీస్తుందంటాడు. నిద్రో మెలకువో తెలియని ఆ మగతలో, ఎక్కడో గడ్డి మధ్య ఎర్రటి మరక ఒకటి కదులుతుంది. దానికి మెడ వస్తుంది, కొమ్ములొస్తాయి. అప్పుడు చూడాలి ఆయన మొహం!

అలాంటి మనిషికి రెండేళ్ళ కిందటి చలికాలంలో కుడి కంట్లోకి మంచు దిగింది. మొదట కంటి మధ్యలో చిన్న మసక. పోతుందిలే అనుకున్నాడు. అది పోకపోగా పెరిగింది. కుడి కంటితో చూస్తే లోకం అంచులే ఉంటాయి, నడుమంతా తెల్లటి పొగ. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. కుడి భుజానికి తుపాకీ ఆనించేవాడికి కుడి కన్ను లేదంటే తుపాకీ పోతుంది. తుపాకీతో పాటు ఏప్రిల్ పోతుంది. ఏప్రిల్ పోయాక మిగిలే డూగల్ ఎవరో ఆయనకే తెలియదు. ఆ భయంతోనే నోరు కుట్టేసుకున్నాడు. మా మగాళ్ళ తెలివి ఇలాగే ఏడుస్తుంది లెండి. పన్ను పుచ్చి దవడ వాచినా చలిగాలికి అంటారు.

కిందటి ఏప్రిల్లో ఎప్పట్లాగే రేవా తమ్ముడు హేమీతో కొండకెళ్ళాడు. వాళ్ళిద్దరిదీ పాత పద్ధతే. హేమీ కింద లోయలోకి దిగి ముళ్ళ పొదల్లో అలికిడి చేస్తూ నడుస్తాడు, బెదిరిన దుప్పులు ఎదుటి గట్టు మీదికొస్తాయి, ఇవతలి గట్టున డూగల్ తుపాకీతో పడుకుని ఉంటాడు. రెండుసార్లు పేల్చాడు. రెండూ పోయాయి. ఉత్త చేతులతో ఇంటికొచ్చి, "దూరం తప్పాను" అన్నాడు. రేవా నమ్మింది. కాలువ మీద చేపల పెంపకం షెడ్డులో పని చేసే మనిషి, ఏది చెడితే అది బాగుచేసుకోవాలి తప్ప మూలుగుతూ కూర్చోకూడదంటుంది. చలికాలమంతా దుప్పి మాంసం లేక ఫ్రీజరు వెలవెలబోయింది. మళ్ళీ మార్చి వచ్చేసరికి, "దూరం చెప్పే దుర్భిణులు వచ్చాయటగా. నీ డెబ్బయ్యో పుట్టినరోజుకి అదే కొంటా, పద" అంది. డూగల్ టోపీ పెట్టుకుని ఆమె వెంట బయల్దేరాడు.

దుకాణానికి హేమీ కూడా తయారయ్యాడు, చేతిలో మాంసం కూరిన వేడి వేడి రొట్టె పట్టుకుని.

"అయిపోయావు బావా! నీకున్న సాకు ఒక్కటే, అది కాస్తా ఈ మిషను మింగేస్తుంది. ఈసారి దుప్పి పోతే ఏం చెబుతావ్? గాలి అంటావా?"

"ముందు నోట్లోది మింగి మాట్లాడరా."

దుకాణం నడిపే బ్రయొనీ, డూగల్‌తో కలిసి కంచెలు వేసిన పాత నేస్తం కూతురు. మూడు దుర్భిణులు తెచ్చి బల్ల మీద పెట్టింది. "చూడు బాబాయ్, దేన్నైనా గురి చూసి ఈ బొత్తాం నొక్కు. లేజరు వెళ్ళి దానికి తగిలి తిరిగొస్తుంది. ఎన్ని మీటర్లో అంకె కనిపిస్తుంది. కుడి గొట్టంలో."

"కుడి గొట్టంలోనేనా?"

"నా దగ్గరున్నవన్నీ అంతే. ఎక్కువమందికి కుడి కన్నే కదా బలం."

డూగల్ మొదటిది తీసుకుని గుమ్మంలోకి వెళ్ళాడు. రోడ్డుకి అవతల కరెంటు టవరు. దాని దాకా పోయే కంచె తను వేసిందే. కళ్ళకి ఆనించగానే ఎడమ కంట్లోకి టవరు వచ్చి ఒళ్ళో వాలింది. దాని అడ్డకమ్మీ మీద ఒక పిట్ట. గాలికి దాని రొమ్ము మీద ఈక ఒకటి లేస్తోంది, పడుతోంది. కుడి కంట్లో ఉత్త పాలు. ఏదో నొక్కాడు. గుంజ గుంజకీ మధ్య ఎంతుందో పాతినవాడికి తెలియదా? గుంజలు లెక్కపెట్టుకున్నాడు.

"నూట తొంభై" అన్నాడు.

బ్రయొనీ తీసుకుని చూసింది. "నూట తొంభై నాలుగు. గురి ఎక్కడ తగిలితే అక్కడి లెక్క. బాగానే ఉంది."

రెండోదాంట్లో అంకె ఎర్రగా వెలుగుతుందట. "వెలుగు సరిపోతుందా బాబాయ్?" అంటే "భలేగా ఉంది" అన్నాడు. అదే కంచె పట్టుకుని ఇంకాస్త ముందుకు పోయి ఎస్టేటు షెడ్డు కప్పు దూరం చెప్పాడు. అదీ సరిపోయింది. ప్రాణం కుదుటపడింది. ఈ గండం గడిచినట్టే అనుకున్నాడు.

మూడోది చేతిలోకి రాగానే మనసు పోయింది. ఏం అద్దాలమ్మా అవి! కొండ మొత్తం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గడ్డి వంగుతోంది, లేస్తోంది. రాళ్ళ సందులో మొన్నటి మంచు ఇంకా కరగలేదు. ఒక మబ్బు నీడ వాగు దాటి పైకెక్కుతోంది. డూగల్ దాని వెంట ఎక్కాడు. దుకాణం లేదు, రోడ్డు లేదు, కన్ను లేదు, భయం లేదు. ఇరవై ఏళ్ళవాడిలా పైపైకి పోతున్నాడు. వాగు మలుపు దగ్గర ఒకప్పుడు తను పడుకున్న రాయి కనిపించింది.

"ఎంతయ్యా?" ఎక్కడినుంచో రేవా అడిగింది.

"ఆఁ? పదకొండొందల ఇరవై" అన్నాడు, హాయిగా.

బ్రయొనీ మెల్లగా, "బాబాయ్, దాంట్లో ఇంకా బ్యాటరీ వెయ్యలేదు" అంది.

హేమీ పగలబడి నవ్వాడు. నోట్లో ఉన్నది బల్ల మీద పడింది. "బావకి బ్యాటరీ దేనికమ్మా, ఆయనే ఒక కరెంటాఫీసు!" అని, తనతో ఎవరూ నవ్వడం లేదని చూసుకుని ఆగిపోయాడు.

రేవా మొగుడి చేతిలోంచి దుర్భిణి తీసి బల్ల మీద పెట్టింది. మోచెయ్యి పట్టుకుని బయట ఆపిన ట్రక్కు వెనక్కి తీసుకుపోయింది. ఎదురుగా నిలబడి, అరచేత్తో ఆయన ఎడమ కన్ను మూసింది.

"ఏం కనిపిస్తోంది?"

"నువ్వేనే."

"తెలిసింది చెప్పకు. కనిపించింది చెప్పు."

ఆ చెయ్యి సబ్బు వాసన వేస్తోంది, దాని కింద చేపల వాసన. నలభై ఏళ్ళుగా తెలిసిన చెయ్యి. దాని ముందు అబద్ధం ఆడలేకపోయాడు. "తెల్లగా ఉంది. మధ్యలో ఏదో ఉంది."

"ఏదో అంటే?"

"మనిషో... ఏదో."

"మనిషో, దుప్పో" అంది రేవా. చెయ్యి తీసేసింది. తీసేసరికి ఆమె కళ్ళ నిండా నీళ్ళు. "నా తమ్ముడు కింద ఉన్నాడయ్యా! వాడు ఆ మట్టిరంగు కోటేసుకుని పొదల్లో తిరుగుతుంటే, నువ్వు పైన ఈ కన్ను పెట్టుకుని రెండుసార్లు పేల్చావా?"

"కొమ్ములు చూశాననుకున్నానే."

"అనుకున్నావ్! అనుకున్నావ్!"

వెనకే వచ్చిన హేమీ అంతా విన్నాడు. సగం తిన్న రొట్టెని ట్రక్కు మీద పెట్టాడు. జోకు లేకుండా వాడు మాట్లాడటం నేనైతే ఎప్పుడూ వినలేదు. "రెండోసారి పేలినప్పుడు వంగి బూటు తాడు కట్టుకుంటున్నా బావా" అన్నాడు.

డూగల్ ట్రక్కు అంచు పట్టుకుని అలాగే రోడ్డు మీద చతికిలపడ్డాడు. కిందటి ఏప్రిల్లో తుపాకీ పేల్చిన ఆ మధ్యాహ్నం ఆయనకు గుర్తొచ్చింది. పొగలో ఒక గోధుమరంగు ముద్ద. అది కదిలింది. దానికి తనే కొమ్ములు పెట్టాడు. చూడాలన్న ఆశ కొద్దీ ఏళ్ళ తరబడి మరకలకి కొమ్ములు మొలిపించిన కన్ను, ఆ రోజూ మొలిపించింది.

"ఇక తుపాకీ ముట్టుకోను" అన్నాడు.

"ముట్టుకుంటే చేతులు విరగ్గొడతా" అంది రేవా. కొంగు లేని మనిషి, చొక్కా చేత్తో ముక్కు తుడుచుకుంది. చాలాసేపు కొండ వైపు చూసింది. ఆమెకి కోపం తగ్గలేదు, ఆ సంగతి నాకు తెలుసు, నెల దాకా తగ్గలేదు. అయినా అంది, "తుపాకీ వీడు పట్టుకుంటాడు. చూసేది నేను. నిన్ను ఏప్రిల్లో వరండాలో కూర్చోబెట్టి ఆ మొహం చూడటం నావల్ల కాదు. లే. లోపలికొచ్చి నాకు పనికొచ్చేది ఏరు. ఈసారి నిజం చెప్పి ఏరు."

అప్పుడు చూడాల్సింది ఆయన ఏరడం! బ్రయొనీకి చుక్కలు చూపించాడు. రేవాకి కళ్ళద్దాలున్నాయి, కంటికి ఆనే రబ్బరు గిన్నెలు లోపలికి మడతపడాలి. రేవా కళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి, రెండు గొట్టాలూ అంత దగ్గరికి రావాలి. మొదటిది రాలేదు, పక్కన పెట్టాడు. రెండోదీ మూడోదీ పట్టుకుని పెళ్ళాన్ని వెనక సామాను గది చీకట్లోకి తీసుకుపోయాడు. "దుప్పి సందె చీకట్లోనే కదే బయటికొచ్చేది. అంకె కనిపిస్తోందా?" రెండోదాంట్లో ఎర్రంకె కళ్ళు చెదరగొట్టి అవతలి వస్తువుని మింగేసింది. మూడోదాంట్లో సన్నగా, పక్కకి ఒదిగి ఉంది. దాన్ని ఆమె మెడలో వేసి, దుకాణంలో అటూ ఇటూ నడిపించి, మెడ లాగుతోందా అని నాలుగుసార్లు అడిగాడు.

"ఏటవాలు గట్టు మీద కంటికి సూటిగా ఉండే దూరం వేరు, గుండుకి వేసుకోవాల్సిన దూరం వేరు. ఈ దుర్భిణి గుండు దూరం కూడా చెబుతుంది, దాన్నే హేమీకి చెప్పు. పొగమంచు పడితే మాత్రం దీన్ని నమ్మకు. లేజరు మంచుకే తగిలి తిరిగొచ్చేస్తుంది. అంకె ఉంది కదా అని అవతల దుప్పి ఉన్నట్టు కాదు."

"నాకు చెబుతున్నావా?" అంది రేవా. ఆయన తల దించుకున్నాడు.

కంటి డాక్టరు కుడి కన్ను ఇక రాదన్నాడు, ఎడమది జాగ్రత్త అన్నాడు. ఏప్రిల్ వచ్చింది. ముగ్గురూ కొండెక్కారు. గట్టు మీద హేమీ తుపాకీతో, పక్కన రేవా దుర్భిణితో పడుకున్నారు. లోయలోకి దిగి అలికిడి చేసే పని డూగల్‌ది. రేవా ఆయనకు దీపంలా మండే నారింజరంగు చొక్కా తొడిగి, మెడ దాకా బొత్తాలు పెట్టి పంపింది.

డూగల్ ఆ లోయని వెయ్యిసార్లు పైనుంచి చూశాడు. లోపలికి దిగడం ఇదే మొదలు. పల్చటి మంచు పొదల మీదుగా పాకుతోంది. కింద ఎక్కడో వాగు తనలో తను మాట్లాడుకుంటోంది. ముళ్ళ కొమ్మలకి నీటి చుక్కలు. గాలిలో మగ దుప్పి వాసన, తడి ఉన్ని కాలినట్టు. నడుస్తున్నాడో తేలుతున్నాడో తెలియలేదు. బతికుండగా ఇంత అందమైన చోటు ఇంకోటి చూడననిపించింది. చేత్తో కర్ర పట్టుకుని పొదల్ని మెల్లగా తడుతూ పోయాడు.

పొదలు విడిపోయిన ఒక ఖాళీ దగ్గర బూటు తాడు ముల్లుకి తట్టుకుని ఊడింది. కట్టుకుందామని వంగాడు. వంగి, ఇక లేవలేకపోయాడు. వీపు మీద పైనున్న తుపాకీ గొట్టం ఆనినట్టే తెలిసింది. పైన ఉన్నది రేవా. ఆమె మెడలో ఉన్నది తను ఏరిన దుర్భిణి. తన ఒంటి మీద మైలు దూరానికి కనిపించే చొక్కా. అన్నీ తెలుసు. అయినా గుండె కొట్టుకుంటోంది. కిందటేడు ఇక్కడ హేమీకి ఈ చొక్కా లేదు. పైన ఈ కళ్ళు లేవు. పైనుంది బావ అన్న నమ్మకం ఒక్కటే వాడికి ఉంది. ఆ నమ్మకంతో ఈల వేసుకుంటూ వంగాడు.

డూగల్ లేచి నిలబడి, రెండు చేతులూ ఎత్తి, మంచులోకి అరిచాడు. "నేనే! నేను డూగల్‌ని! మనిషిని!"

కొండలన్నీ ఆ మాట తిరిగి అన్నాయి. ముందు పొదల్లోంచి కొమ్ముల దుప్పి ఒకటి దిగ్గున లేచి, గట్టెక్కి, ఆవలికి దూకి మాయమైపోయింది. ఏడాదిగా వాళ్ళు ఎదురుచూసిన దుప్పి అది.

"ఓరి నీ దుంప తెగ! కొంప ముంచావు కదా బావా!" పైనుంచి హేమీ కేకలు పెట్టాడు.

వాడి గొంతు మీదుగా రేవా గొంతు వచ్చింది. "కనిపిస్తున్నావయ్యా! దిగినప్పట్నుంచీ నిన్నే చూస్తున్నా! కనిపిస్తున్నావ్, నడువు!"

డూగల్ ఏడుస్తూనే నడిచాడు.