నలభై మూడు మడుగులు

మా పిన్నికి ఈత రాదు. పడవెక్కితే కళ్లు తిరుగుతాయి. అలాంటి మనిషి ఏటి చరిత్ర రాస్తానని కూర్చుంటే ఇంట్లో అందరం నవ్వాం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆవిడ ముప్పై ఏళ్లు రేవు షెడ్డులో చేపలు తూచింది. ఐసుగడ్డలు తీసి తీసి వేళ్ల మీద గీతలు కూడా అరిగిపోయాయి. ఏట్లో చేప తగ్గి షెడ్డు మూతపడ్డాక, ముందుగది గోడకి చార్టు కాగితాలు అతికించి నీలిసిరాతో ఏటిని గీసింది. ఇక అక్కణ్ణుంచి పన్నెండేళ్లు రేవు వీధిలో ప్రతి ముసలి జాలరి గడపా తొక్కింది. ఎవరిది ఏ వల, ఏ నెలలో ఏ చేప, ముఖ్యంగా ఏ మడుగు. మడుగంటే ఏటి అడుగున లోతైన చోటు. చేప దాక్కునేది అక్కడే. మొత్తం నలభై మూడు తేలాయి. ఒక్కోదానికి ఒక ఎర్రచుక్క పెట్టింది. చెప్పినవాళ్లంతా ఒక్కొక్కరే పోయారు. మిగిలింది మా తాతయ్య, అంటే ఆవిడ నాన్న ఒక్కడే.

"వాళ్లు చెప్పిందంతా నిజమేనంటావా పిన్నీ?" అని ఒకసారి అడిగాను.

"తడి బరువు కలవకూడదని, తడిసిన గోనె తీసేసి తూచమనేవాళ్లే! అలాంటోళ్లు అబద్ధం చెప్తారా? నీకన్నీ అనుమానాలే" అని కసిరింది.

కిందటేడు ఏటి అడుగు తవ్వి ఇసుక తీయడానికి ఒక కంపెనీ వచ్చింది. తరతరాలుగా వేట సాగిన మడుగులు ఎక్కడెక్కడున్నాయో రుజువు చేస్తే, అంత మేర తవ్వకుండా వదిలేస్తామన్నారు. రుజువంటూ ఉన్నది పిన్ని గోడ మీదే. వీధి వీధంతా ఆవిడ మీదే ఆశ పెట్టుకుంది. చార్టు చుట్టచుట్టి, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని విచారణకి వెళ్లింది. నేనూ తోడు వెళ్లాను.

సర్వేయరు లోతులు కొలిచిన కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో చుక్కా చూశాడు.

"పదిహేడోది, పాత పంపుహౌసుకి ఎదురుగా ఉన్నది... ఇక్కడ మోకాల్లోతు నీళ్లేనమ్మా. కిందంతా బండ."

"ఏరు పూడిపోయి ఉంటుంది సార్."

"బండ నిన్నా మొన్నా మొలిచింది కాదు కదమ్మా."

నలభై మూడింటిలో సరిపోయినవి మూడు. విచారణ జరిపిన అధికారి చెడ్డవాడేం కాదు, పిన్నికి మంచినీళ్లు తెప్పించాడు. "చాలా కష్టపడ్డారు. కానీ దీన్ని ఆధారంగా తీసుకోలేం" అన్నాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది. అభ్యంతరాలుంటే పది రోజుల్లో చెప్పుకోమన్నాడు.

ఇంటికొచ్చేసరికి తాతయ్య మంచం మీద కూర్చుని పాత వల కుడుతున్నాడు. ఆ వలతో ఇక పనేమీ లేదు.

"నాన్నా, పదిహేడోది నువ్వు చెప్పిందే. అక్కడ బండ ఉందట."

"ఉంటుంది."

"మరి అక్కడే వల వేశానన్నావు?"

"పిచ్చిదానా, తన మడుగెక్కడో ఎవడైనా నోటితో చెప్తాడా? మా నాన్న నాకే చెప్పలేదు. వెనకాలే పడవేసుకెళ్లి చూసుకున్నా."

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. పన్నెండేళ్లుగా తను ఇంట్లోనే ఓడిపోతోందని పిన్నికి అప్పుడు తెలిసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చతికిలబడి, ఒళ్లో నోటుబుక్కు తెరిచింది.

"పది రోజులు గడువుంది నాన్నా. ఒక్కటైనా చెప్పు. నువ్వూ పోతే ఇక ఎవరూ లేరు. నీకు దండం పెడతాను."

తాతయ్య సూది పక్కన పెట్టాడు. ఆవిడ తల నిమిరాడు. ఎవరైనా వింటున్నారేమోనని కిటికీలోంచి వీధిలోకి అటూ ఇటూ చూశాడు. వినడానికి ఆయనతో వేటాడినవాడు ఒక్కడూ బతికి లేడు. పట్టడానికి ఏట్లో చేపా లేదు.

"నీకు కాబట్టి చెప్తున్నా, ఎవరితోనూ అనకు" అన్నాడు గొంతు తగ్గించి. "పాత పంపుహౌసు ఉంది చూడు, దానికి సరిగ్గా ఎదురుగా."

పిన్ని సగం రాసింది. అక్కడే ఆమె చెయ్యి ఆగిపోయింది.