అవ్వ గురిగిలో బియ్యం

మా అమ్మాయి తెలియక సన్నబియ్యంలో రేషన్ బియ్యం కలిపేసింది. ఇవాళ కంచంలో సన్న మెతుకుల మధ్య లావు మెతుకులు కనబడగానే నా చెయ్యి ఆగిపోయింది.

మాది కోటగిరి. నా చిన్నప్పుడు, వానలకు చెరుకు కూలి ఆగిపోయిన రోజులవి. ఇంట్లో ఒక్క పూటకే బియ్యం ఉన్నాయి. అయినా మా నాయనమ్మ, ఆమెను అవ్వ అనేవాళ్లం, ఎసట్లో పోసేముందు అలవాటుగా ఒక పిడికెడు తీసి చర్చికిచ్చేందుకు పెట్టుకున్న చిన్న మట్టిముంత, గురిగిలో వేసింది. ఆ బియ్యమంతా దేవుడే తింటాడని నా కోపం. ఆమె పొయ్యి ఊదుతుంటే గురిగిలో చెయ్యి పెట్టాను. అవ్వ చటుక్కున మణికట్టు పట్టుకుంది.

"ఇడువు బిడ్డా."

"తమ్ముడు నిన్నటిసంది ఏం తినలే. దేవునికంత ఆకలా?"

కొడుతుందనుకున్నాను.

"మా అవ్వ ఎన్నడు ఆపలే. నేను గూడ ఆప," అంటూ నా వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. తన వంతు తమ్ముడికి పెట్టి, తాను గంజి తాగింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు నేను.

మూడేళ్లకు నిజామాబాద్‌లో చర్చి హాస్టల్లో చేరాను. మొదటి పూట కంచంలో లావు, సన్నం, ఎరుపు, ఏ రెండు మెతుకులూ ఒక్కతీరుగా లేవు. వంటక్కను అడిగాను.

"ఊర్లల్ల అవ్వలు చర్చికని పూటకో పిడికెడు తీసిపెడ్తరు గద. గవే ఇవి."

పదో తరగతి దాకా ఆ అన్నమే తిని చదువుకున్నాను. ఆ మొదటి పూట మాత్రం ముద్ద ఎత్తలేకపోయాను. అవ్వ నా వేళ్లు విప్పి తీసుకున్న గింజల కోసం కంచమంతా వెతుకుతూ కూర్చున్నాను.