పొట్ట చేసే గోల

షుగరుందని తెలిసిన వారమే, మార్కాపురం నుంచి బస్సులో కంభం వస్తున్నాను. "తీపి ముట్టనిదాన్ని, నాకెందుకొచ్చిందో" అన్నాను. పక్కసీట్లో గిద్దలూరు పోతున్న నర్సింగ్ అమ్మాయి నా నడుం మడత మీద టపీమని చెయ్యేసింది.

"ఇది ఊరికే పడుండే కొవ్వు కాదు పెద్దమ్మా! రక్తంలోకి హార్మోన్లు వదుల్తాది. పొట్ట పెరిగితే వాటి గోల ఎక్కువై, ఇన్సులిన్ చెప్పేది ఒళ్లు ఇనదు. చక్కెర రక్తంలోనే ఉండిపోతాది."

"పొట్ట తగ్గితే?"

"గోలా తగ్గుతాది!"

మా కబుర్ల గోలలో కండక్టర్ "కంభం, కంభం" అని అరిచినా మాకు వినపడనే లేదు. బస్సు ఊరు దాటేసింది.

"చూసినావా? ఆయన ఇన్సులిన్, మనం కొవ్వు!" అంటూ ఆ పిల్ల పడీపడీ నవ్వింది.

ఊరవతల దిగి వెనక్కి నడిచాను. ఇప్పటికీ రోజూ పొద్దున్నే నడుస్తాను, పొట్ట మీద చెయ్యేసి "నోరు ముయ్యవే" అంటూ.