లగిమైన ఏడు కొట్టని సాయంత్రం

లగిమైనకు నిలకడ లేదని దీవి ఊరైన సాలెఫావోలో అందరూ అనేవారు. చాప అల్లుతూ నాలుగు వరసలు కాకుండానే లేచేది. తారో దుంపలు పొయ్యి మీద పెట్టి తోటలోకి పోయేది. అటువంటి మనిషి పందొమ్మిదేళ్ళపాటు ఒక్క పనిని మాత్రం నిమిషం తేడా లేకుండా చేసింది. పాస్టరుగారి ఇంట్లో రేడియో ఏడు గంటల వార్తలు మొదలుపెట్టగానే, సీమపనస కొమ్మకు వేలాడే ఖాళీ గ్యాస్ సిలిండర్‌ను ఇనుపకడ్డీతో తొమ్మిదిసార్లు కొట్టేది. తొమ్మిదో దెబ్బ పడ్డాక పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళెవరూ ఇంటి హద్దు దాటి కనిపించకూడదు.

అది సర్కారు చట్టం కాదు. మసక చీకట్లో రోడ్డు మీద ఆడుకుంటున్న పిల్లవాడొకడు లారీ కింద పడి చనిపోయిన ఏడాది ఊరి పెద్దల సభ పెట్టిన కట్టుబాటు. ఆ సిలిండర్ గంట మోగాక నడుముకు లావాలావా గుడ్డలు బిగించిన యువకులు రోడ్డు పొడవునా కాపలా నిలబడేవారు. పిల్లలు దొరికితే ఇంటివాళ్ళు ఒక పందిని, పది పెట్టెల డబ్బా చేపలను సభకు సమర్పించుకోవాలి.

చనిపోయిన తమ్ముడి కూతురు తెముకిసాను లగిమైనే పెంచింది. ఊరి బడిలో సైన్సు చెప్పేవాళ్ళు లేక ఆ పదహారేళ్ళ పిల్ల మంగళ, గురువారాల్లో పట్నంలో సాయంత్రం క్లాసులకు పోయేది. తిరుగు బస్సు ఒక్కటే. వాగు పొంగి ఒకసారి, టైరు పగిలి ఒకసారి, ఆ బస్సు గంట మోగాక వచ్చింది. రెండుసార్లూ తెముకిసా బస్సు దిగిన చోటే దొరికిపోయింది. మూడోసారి దొరికితే పట్నం చదువు మానిపించాలని సభ తీర్మానించింది. పరీక్షకు అప్పటికి ఐదు వారాలుంది. బిడ్డలు క్షేమంగా ఇల్లు చేరాలని పుట్టిన నియమం, ఇల్లు చేరడానికి పరుగెత్తుకొచ్చే బిడ్డనే పట్టుకుంటోంది. ఆ సంగతి సభలో ఎవరికీ వింతగా తోచలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం నుంచీ కొండల మీద వాన. ఆరున్నరకే లగిమైన కడ్డీ పట్టుకుని చెట్టు కిందికి వచ్చింది. రోడ్డు దాకా పోయి చూసింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ పోయింది. రేడియోలో వార్తల బాణీ వినిపించింది. చెయ్యి అలవాటుగా పైకి లేచింది. లేచిన చేతిని ఆమె దింపేసింది.

పిల్లలు బంతాట ఆపలేదు. గంట వినపడలేదు గనక తల్లులు కేకెయ్యలేదు. కాపలా యువకులు మాత్రం ఎదురుగా అంతమంది పిల్లలున్నా ఒక్కరినీ పట్టుకోలేక, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి వాళ్ళలో పెద్దవాడు పెసమినో చెట్టు దగ్గరికి వచ్చాడు.

“ఏం లగి అక్కా, చెయ్యి పట్టేసిందా? ఇలా ఇయ్యి, నేను కొడతా.”

“ఇంకా ఏడు కాలేదురా.”

“రేడియోలో వార్తలు కూడా అయిపోయాయి కదే.”

“రేడియోకి అయ్యుంటుంది. ఊరికి నేను కొడితేనే ఏడు. పో, పోయి నిలబడు.”

పెసమినో నవ్వాలో కోప్పడాలో తెలియక తల గోక్కుంటూ పోయాడు. కడ్డీ లాక్కుందామనుకున్నాడు గానీ అక్క వరసయ్యే మనిషి మీద చెయ్యి వెయ్యడానికి సాహసించలేదు. లగిమైన చెట్టు చుట్టూ తిరుగుతూనే ఉంది. తాను చేస్తున్నదేమిటో ఆమెకు తెలుసు. అందుకే కాళ్ళు నిలవలేదు.

ఏడు దాటి ఇరవై ఆరు నిమిషాలకు బస్సు వచ్చింది. బురద కాళ్ళతో తెముకిసా దిగి, కాపలావాళ్ళ మధ్య నుంచి నడిచి ఇంట్లోకి వెళ్ళింది. అప్పుడు లగిమైన తొమ్మిది దెబ్బలూ కొట్టింది.

శనివారం ఉదయం సభ కూడింది. పెద్దలు స్తంభాలకు ఆనుకుని కూర్చున్నారు. ఆమెను ఎదురుగా చాప మీద కూర్చోబెట్టారు. రేడియో సరిగా వినపడలేదని చెప్పమని పాస్టరుగారి భార్య ముందే చెవిన వేసింది. ఆమె ఆ మాట చెప్పలేదు. కావాలనే ఆపానన్నది. కట్టుబాటులో ఉన్నది ‘గంట మోగాక’ అనే గనక, మోగని గంటకు పిల్ల తప్పు చేసినట్టు కాదన్నది.

సభ తరఫున మాట్లాడే తపుసోవా అడిగాడు: “గంట నీ చేతిలో ఉంటే చట్టం కూడా నీ చేతిలో ఉన్నట్టేనా అమ్మా?”

“ఆ రెండుసార్లు కూడా నా చేతిలోనే ఉంది పెద్దాయనా. పిల్ల దారిలో ఉందని తెలిసీ కొట్టాను. నా మేనకోడల్ని పట్టించింది నేనే. అప్పుడు మీరెవరూ నన్ను అడగలేదు.”

వాదన మధ్యాహ్నం దాకా సాగింది. కొందరు పిల్లను ఆపెయ్యాల్సిందేనన్నారు. రాసిన మాటను దాటి శిక్ష వెయ్యకూడదని కొందరు పట్టుబట్టారు. చివరికి పిల్ల మీద తప్పు లేదని తేల్చారు. లగిమైన పంది ఇవ్వాలి. గంట కొట్టే పని, చేతి గడియారం ఉన్న ఇయోసువాకు పోతుంది. కట్టుబాటులో ఇకమీదట ‘గంట’ అని కాక ‘ఏడింటికి’ అని ఉంటుంది.

“మరి వాగు పొంగితే?” అని ఆమె అడిగింది.

“పెద్దవాళ్ళెవరైనా వెంట ఉంటే పట్టుకోవద్దని చెబుతాం. ఇంక నీకు ఏడింటికి ఊళ్ళో పనేముంది?” అన్నాడు తపుసోవా. అతని గొంతులో కోపం లేదు.

ఆమె లేచి వెళ్ళి దొడ్లో ఉన్న రెండు పందుల్లో పెద్దదాన్ని తోలుకొచ్చింది.

మంగళవారం ఇద్దరూ కలిసి పట్నం వెళ్ళారు. తిరుగు బస్సు వాగు ముందు ఆగిపోయింది. తెముకిసా బస్సు దీపం కింద పుస్తకం తెరిచింది. నీళ్ళు తగ్గాయా అని లగిమైన డ్రైవర్‌ను మూడుసార్లు అడిగింది. టైమెంతయిందని రెండుసార్లు అడిగింది.

“కూర్చో అత్తా. నువ్వు తిరిగితే నీళ్ళు తగ్గవు,” అంది పిల్ల తల ఎత్తకుండా.

లగిమైన కూర్చుంది. ఇయోసువా దెబ్బలు లెక్క తప్పకుండా కొడుతున్నాడో లేదో అనుకుంది. అంతలోనే లేచి, గొడుగు తీసుకుని, వాగు చూసి రావడానికి వానలోకి దిగింది.